స్టార్ట్, కెమెరా... నర్సరీ!

2025 బాలల దినోత్సవానికి దిల్లీ నుంచి పిల్లలకు కానుక వచ్చింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ నిబంధనలట. విప్పి చూస్తే లోపల చీటీ ఉంది: అసలు మందు 18 నెలల తర్వాత వాడవలెను. చట్టం మీద రాష్ట్రపతి సంతకం పడింది 2023 ఆగస్టులో. నిబంధనలు రాయడానికే రెండేళ్లు దాటింది. అమ్మానాన్నల అనుమతి లేకుండా పిల్లల వివరాలు ముట్టుకోకూడదనే ముక్క 2027 మేలో గానీ అమల్లోకి రాదు. సంతకం పడ్డ నాడు పుట్టిన పాప అప్పటికి బారసాల, అన్నప్రాశన, పుట్టువెంట్రుకలు, అక్షరాభ్యాసం ముగించుకుని, నర్సరీ యాన్యువల్ డేలో రెండు డాన్సులు కూడా వేసేసి ఉంటుంది. వాటిని ఊరంతా చూసేసి ఉంటుంది.

ఇంత గడువు ఎందుకయ్యా అంటే సంస్థలు సిద్ధం కావాలట. ఎవరి సంగతో నాకు తెలియదు గానీ మన ప్లేస్కూళ్లు ఎప్పుడో సిద్ధం. రింగ్‌లైటు ఉంది. ట్రైపాడ్ ఉంది. గోడ మీద సీతాకోకచిలుక రెక్కలున్నాయి, ముందు ఎవర్ని నిలబెట్టినా ఎగిరిపోతున్నట్టే ఉంటుంది. అఆల చార్టు మాత్రం ఫ్రేములోకి రావడం లేదని బీరువా వెనక పెట్టారు.

అందుకని ప్రభుత్వాలకు నాదో మనవి. 2027 వచ్చేలోగా ప్లేస్కూళ్లన్నిటినీ సినిమా స్టూడియోలుగా ప్రకటించండి.

ఎకసెక్కం అనుకోకండి. సినిమాల్లో నటించే పిల్లలకు రక్షణ ఎప్పుడో రాసిపెట్టారు. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, మరుసటి ఏడాది నిబంధనలు చేర్చారు. చిన్నపిల్లలతో షూటింగ్ చెయ్యాలంటే నిర్మాత ముందుగా జిల్లా మేజిస్ట్రేటు, అంటే మన కలెక్టరు, అనుమతి తెచ్చుకోవాలి. రోజుకు 5 గంటలు దాటకూడదు. 3 గంటలకు మించి ఏకబిగిన పని చేయించకూడదు. ప్రతి అయిదుగురు పిల్లలకూ ఒక బాధ్యుడు ఉండాలి. పిల్ల సంపాదనలో కనీసం 20 శాతం ఆ పిల్ల పేరు మీదే జాతీయీకృత బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి. అన్నిటికంటే ముద్దొచ్చే నిబంధన ఇంకొకటి ఉంది: బిడ్డకు ఇష్టం లేకుండా నటింపజేయరాదు. ఇవన్నీ ఎంతవరకు అమలవుతున్నాయో ఫిలింనగర్‌ను అడగాలి. కాగితం మీదైతే ఉన్నాయి కదా. నర్సరీ పిల్లకు ఆ కాగితమూ లేదు.

ఇక నర్సరీ కాల్షీటు చూడండి. సోమవారం ఎల్లో డే, అందరూ అరటిపళ్లు. బుధవారం కమ్యూనిటీ హెల్పర్స్ డే, ఇద్దరు డాక్టర్లు, నలుగురు పోలీసులు, ఒక ఏడుస్తున్న పోస్ట్‌మాన్. కృష్ణాష్టమికి ఇరవైమంది కృష్ణులు, ఒకటే ఉట్టి. కుండలో నిజంగా వెన్న ఉందేమోనని ఒక కృష్ణుడు వేలు పెట్టాడు. దూది తగిలింది. వాడి మొహం చూసి మేడమ్ ‘కట్’ చెప్పింది. మళ్లీ చెయ్ నాన్నా, ఈసారి నవ్వుతూ. రైమ్ మధ్యలో ముక్కు కారితే ఇంకో టేకు. లంచ్ బ్రేక్‌లో డబ్బా మూత తీసే సీను మూడు యాంగిల్స్‌లో. తినే సీను ఎడిటింగ్‌లో పోతుంది కాబట్టి తిన్నారా లేదా అన్నది ఎవరికీ అవసరం లేదు.

స్టూడియో హోదా వచ్చిందంటే ఇదంతా కలెక్టరేట్ నుంచి నడవాలి. ‘అయ్యా, ఎల్‌కేజీ బి సెక్షన్ ఫ్రూట్స్ డే చిత్రీకరణకు అనుమతి ప్రార్థన. పాత్రధారులు: పుచ్చకాయ ఒకటి, ద్రాక్షలు 14. ఫైట్లు: స్క్రిప్టులో లేవు, జరగవచ్చు.’ ఇష్టం లేకుండా నటింపజేయరాదు కనుక కలెక్టరుగారు ద్రాక్షలను స్వయంగా విచారించాలి. ‘ఏమ్మా ద్రాక్షా, నీకిది ఇష్టమేనా?’ ‘అమ్మ దగ్గరికి పోతా.’ ఫైలు అక్కడే ఆగిపోతుంది. రాష్ట్రంలో ఇంత సూటిగా తేలే ఫైలు ఇంకొకటి ఉండదు.

పారితోషికం దగ్గర మాత్రం చిక్కుంది. ఇక్కడ హీరోయే నిర్మాతకు డబ్బు కడతాడు, టర్ము ముందే. కాస్ట్యూమ్ తనే కుట్టించుకుంటాడు, క్యారేజీ తనే తెచ్చుకుంటాడు, పబ్లిసిటీ కోసం వాళ్ల నాయనమ్మే ఆ రీలును పదిమందికి పంపుతుంది. ఇలాంటి హీరో ఒక్కడు దొరికినా తెలుగు నిర్మాతలెవరూ అప్పులపాలు అయ్యేవారు కాదు. ఆ రీలు చూసి వచ్చే ఏడు ఎంతమంది చేరితే వాళ్ల ఫీజులో 20 శాతం ద్రాక్షల పేర డిపాజిట్ వెయ్యమనండి. రింగ్‌లైట్లు ఎంత త్వరగా అటకెక్కుతాయో చూద్దాం.

సినిమావాళ్లకు ఇంకో జాగ్రత్త కూడా ఉంది. హీరో రేపు పొద్దున ఏ గేటు ముందు, ఎన్ని గంటలకు, ఏ బండి దిగుతాడో పోస్టరు మీద వెయ్యరు. మన హీరోకు చొక్కా మీద బడి పేరు ఉంటుంది. మెళ్లో ఐడీ కార్డు మీద తన పేరు ఉంటుంది. వెనకాల వ్యాన్ నంబరు కనిపిస్తుంది. కింద మ్యాప్ లొకేషన్, బడి వేళలు. పక్కన బౌన్సర్ కాదు కదా, చెయ్యి పట్టుకునే ఆయమ్మ కూడా ఉండదు, ఆవిడే కెమెరా పట్టుకుంది కాబట్టి.

2025 సెప్టెంబరులో లండన్‌లో కిడో అనే నర్సరీ సంస్థకు చెందిన దాదాపు 8,000 మంది పిల్లల ఫొటోలు, పేర్లు, చిరునామాలు కాజేశామని హ్యాకర్లు ప్రకటించారు. కొందరు పసివాళ్ల వివరాలు డార్క్ వెబ్‌లో పెట్టి డబ్బు అడిగారు. ఆ కేసులో పోలీసులు పట్టుకున్న ఇద్దరి వయసూ 17. అక్కడ దొంగలు తాళం పగలగొట్టాల్సి వచ్చింది. మనం దొంగకు ఆ శ్రమ కూడా లేకుండా బిడ్డల్ని వీధరుగు మీద కూర్చోబెట్టి, వచ్చేపోయేవాళ్లను లైక్ కొట్టమంటున్నాం.

స్ప్లాష్ డే అని ఒకటి పెడతారు. మూడేళ్ల పిల్లలు, చెడ్డీలతో, గాలి ఊదిన తొట్టెలో. మొహాలు స్పష్టంగా. పబ్లిక్ పేజీలో. ఒంటిమీద బట్టలున్న ఫొటోను కూడా బట్టల్లేని బొమ్మగా మార్చే సాఫ్ట్‌వేర్ ఫోన్లలోకి వచ్చేసిన రోజుల్లో, ఆ కాస్త పని కూడా మిగల్చకుండా పెడుతున్నారు. చేసేది బడి. ఫీజు తీసుకుని చేస్తోంది. బిడ్డను మాకు అప్పగించి నిశ్చింతగా ఉండండి అని బోర్డు మీద రాసుకుని మరీ చేస్తోంది.

అనుమతి తీసుకున్నామంటారు. అడ్మిషన్ ఫారం చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో, ప్రచారానికి ఫొటోలు వాడుకొనుటకు అభ్యంతరం లేదు అనే వాక్యం. సంతకం పెట్టకపోతే సీటు లేదు. అది అనుమతి కాదు, వసూలు. ధైర్యం చేసి ఒక తల్లి వద్దంటే, అందరూ ఒప్పుకున్నారు మీరొక్కరే అంటున్నారు మేడమ్ అని ముందు చులకన చేస్తారు. తర్వాత కెమెరా తీసిన ప్రతిసారీ ఆ పిల్లను వరసలోంచి లాగి మూల కుర్చీలో కూర్చోబెడతారు. మూడేళ్ల పిల్లకు అది శిక్షలాగే ఉంటుంది. తనేం తప్పు చేసిందో తనకు ఎవరూ చెప్పరు.

పేజీ నడిపే కరస్పాండెంటు గారూ, ఒక్క లెక్క చెప్పండి. మీ బడిలో పిల్లలు వందమంది. అమ్మానాన్నలు, తాతలు, అమ్మమ్మలు, మేనమామలు అందరినీ కలుపుకుంటే ఓ వెయ్యిమంది అనుకుందాం. ఫాలోవర్లు పదివేలని అడ్మిషన్ల బ్యానరు మీద గొప్పగా వేసుకున్నారనుకుందాం. మిగతా తొమ్మిదివేలమంది ఎవరు? మా పిల్లల్ని ఎందుకు చూస్తున్నారు?