సర్దుకోండి భిక్షువులారా!

విశాఖ నుంచి భీమిలి పోయే దారిలో, మంగమారిపేట దగ్గర కొండమీద రెండు వేల ఏళ్ల కిందట మకాం పెట్టిన బౌద్ధ భిక్షువులకు ముందుచూపు లేదు. పోయి పోయి సముద్రం కనబడే చోటే ఎంచుకున్నారు. బీచ్ వ్యూ ప్లాటు! అప్పట్లో గజం రేటు అడిగేవాడు లేడు గనక చెల్లిపోయింది.

తొట్లకొండ గురించే చెబుతున్నాను. 1976లో నౌకాదళం వాళ్లు స్థావరానికి జాగా కోసం విమానంలోంచి చూస్తుంటే ఈ శిథిలాలు కంటబడ్డాయి. 1978లో కొండా చుట్టుపక్కలా కలిపి 3143 ఎకరాలు రక్షిత ప్రాంతమన్నారు. అలా అన్నవారు ఎవరోగాని, రియల్ ఎస్టేటు జ్ఞానం బొత్తిగా లేనివారు. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే మహాస్తూపం, చైత్యాలు, విహారాలు, శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ల వెండి నాణేలు బయటపడ్డాయి.

తర్వాత వచ్చిన ఏలినవారికి ఆ అజ్ఞానం లేదు. 120 ఎకరాలు చాలన్నారు. అంటే నూటికి నాలుగెకరాలైనా కాదు. మిగతా కొండ మీద సినిమావారి క్లబ్బుకు 15 ఎకరాలు ఇవ్వబోతే, ఊళ్లోవాళ్లు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

ఈ 120 ఎలా తేలింది? చాదస్తపు పురావస్తు పండితుడైతే ముందు రికార్డులు, పటాలు, ఉపగ్రహ చిత్రాలు ముందేసుకుంటాడు. మనుషుల్ని ఎడంగా వరుస నిలబెట్టి నేలంతా నడిపిస్తాడు. కుండపెంకు కనిపించినచోట, ఇటుక ముక్క దొరికినచోట గుర్తు పెడతాడు. అనుమానం తగిలితే నేల లోపలికి చూసే రాడార్ లాగిస్తాడు, చిన్న చిన్న పరీక్ష గుంటలు తీయిస్తాడు. గీత గీసేది ఆ తర్వాతే. అమెరికా నుంచి వచ్చిన లార్స్ ఫోగెలిన్ అనే ఆయన ఈ కొండ చుట్టూ అలాగే తిరిగి, ఆరామం బయట పరుచుకున్న రాళ్ల గుట్టల్ని నమోదు చేసి, 2006లో పుస్తకమే వేశాడు. అంత తిరిగిన మనిషి, పాపం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మార్కెట్ విలువ కనుక్కోవడం మరిచాడు.

మన పద్ధతిలో గీతే ముందు. గీత లోపలున్నది చరిత్ర, బయటున్నది ఖాళీ జాగా. బయట ఏమీ లేదని ఎలా తెలుసంటారా? వెతకలేదు కాబట్టి దొరకలేదు, దొరకలేదు కాబట్టి లేదు. ఇంకా ఎవరికైనా సందేహం మిగిలితే జేసీబీ వచ్చి ఒక్క పూటలో తీర్చేస్తుంది.

ఇంగ్లండు వాళ్లకు మరీ చాదస్తం. కట్టడానికి అనుమతి కోరేవాడి చేతే, వాడి ఖర్చుతోనే, ముందుగా పరీక్ష గుంటలు తీయించే అలవాటు 1990 నుంచి పెట్టుకున్నారు. మన పర్యావరణ అనుమతి దరఖాస్తులోనూ ఇలాంటి చోట్ల గురించి అడిగే గడి ఒకటుంది. ‘లేవు’ అని రాయడానికి చక్కగా సరిపోతుంది.

అయినా స్తూపం ఒక్కటే ఆరామమా? ఆ వాలు మీద పడిన వాన తొట్లలోకి దిగితేనే భిక్షువులకు దాహం తీరేది. కింద ఊరుంటేనే భిక్ష దొరికేది. రేవుకు ఓడలొస్తేనే దాతల చేతిలో నాణేలు ఆడేవి. అదే తీరాన బావికొండ, పావురాలకొండ ఆరామాలూ ఉన్నాయి. వాలూ ఊరూ దారీ తీసేసి స్తూపం చుట్టూ కంచె వేస్తే, పెళ్లి ఫోటోలోంచి తాళిబొట్టు మటుకు కత్తిరించి ఆల్బంలో పెట్టుకున్నట్టే.

పోనీ, కంచె లోపలిదైనా పదిలమా? 2019 అక్టోబరు వానలకు మహాస్తూపమే కూలింది. దాన్ని కూడా గీత బయటికి నెట్టేస్తే మరమ్మతు ఖర్చు కలిసొచ్చేది. ఎవరికీ తట్టలేదు.

అయ్యా ఏలినవారూ, గీతలు తర్వాత గీద్దురుగాని, ముందు 3143 ఎకరాల్లోనూ మనుషుల్ని నడిపించండి. కనబడిందంతా పటానికెక్కించి తెలుగులో జనం ముందు పెట్టండి. అప్పటికీ 120 చాలనిపిస్తే, చాలని సంతకం చేసే పురావస్తు అధికారి పేరు కూడా ఆ పటం కిందనే, పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించండి.