హంప్తా దారిలో మోతీ

నన్ను మోతీ అంటారు. మా అమ్మ గుర్రం, నాన్న గాడిద. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62. నాకు ఆ రెండింటి నడుమ 63 వచ్చాయి. అందుకే నాకు పిల్లలు పుట్టరు. కంచర గాడిదల్లో ఎవరి వంశం వాళ్ళతోనే మొదలై వాళ్ళతోనే ముగుస్తుంది. ఎత్తూ బలమూ అమ్మ నుంచి వచ్చాయి. ఇరుకైన గట్టి గిట్టలూ, ఆలోచించి అడుగేసే గుణమూ నాన్న ఇచ్చినవి. ఆ గుణాన్నే మనుషులు మొండితనం అంటారు. దాని సంగతి చెప్పాలనే ఈ కథ మొదలుపెట్టాను.

హిమాచల్ ప్రదేశ్‌లో మనాలి దగ్గర నుంచి హంప్తా కనుమ మీదుగా లాహౌల్ వైపు దిగే దారి నాది. జీపులు జోబ్రా దాకా వస్తాయి. అక్కడి నుంచి అంతా కాలినడకే. మొదటి రాత్రి చికాలో, రెండో రాత్రి బాలూ కా ఘేరాలో, మూడో రోజు కనుమ దాటి షియా గోరూలో, ఆ తర్వాత ఛత్రూలో. సెలవులకు వచ్చిన పట్నం వాళ్ళు ఈ దారిని సాహసయాత్ర అంటారు. వాళ్ళకన్నా ఎంతో ముందు నుంచీ గద్దీ కాపరులు వేసవిలో గొర్రెల మందల్ని తోలుకుని ఈ కనుమ దాటుతూనే ఉన్నారు. మనాలి వైపు దేవదారులు, భూర్జ చెట్లు, మోకాలెత్తు గడ్డి. కనుమ దాటగానే కనుచూపు మేర గోధుమరంగు కొండలు, ఎక్కడా చెట్టన్నది లేదు. వానమబ్బుల్ని పీర్ పంజాల్ కొండలు ఇవతలే ఆపేస్తాయి. ఆ ఎండు లోయ అడుగున చంద్రానది పారుతుంది. అది తాండీ దగ్గర భాగానదితో కలిశాక చీనాబ్ అవుతుంది. ఎన్నిసార్లు ఎక్కినా, ఒక్క గట్టు మీద నిలబడి రెండు లోకాల్ని చూడటం నాకు ఇప్పటికీ అబ్బురమే.

నా రోజు చీకటితోనే మొదలవుతుంది. మా యజమాని వచ్చి ముందు నాలుగు గిట్టలూ ఎత్తి చూస్తాడు. నాడా వదులైందా, మేకు తల అరిగిందా, సందులో రాయి ఇరుక్కుందా అని బొటనవేలితో తడుముతాడు. తర్వాత మెడ నుంచి నడుము దాకా అరచేత్తో నిమురుతాడు. గంత కింద ఒక్క ముల్లు మిగిలినా సాయంత్రానికి పుండు పడుతుంది. డొక్క కింద పట్టీ బిగించేటప్పుడు నేను ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బిస్తాను. అతనికి అది తెలుసు. నాలుగడుగులు నడిపించి, నేను ఊపిరి వదిలాక మళ్ళీ ఒక రంధ్రం బిగిస్తాడు. కుడివైపు గుడారాలు, ఎడమవైపు బియ్యం, పప్పు, కూరగాయలు, పైన వంటగిన్నెలు. రెండు పక్కలా బరువు సరిసమానంగా ఉండాలి. ఒక పక్కకు మొగ్గితే ఏటవాలులో గంత జరుగుతుంది, గంతతో పాటు నేనూ జారతాను.

1965 నాటి కేంద్ర నియమాలు మా మీద 200 కిలోల దాకా వేయవచ్చన్నాయి. ఈ రాళ్ళదారిలో మా యజమాని 60, 70 కిలోలు దాటనివ్వడు. రోజుకు 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి మా చేత పని చేయించకూడదని కూడా ఆ నియమాల్లోనే ఉంది. యాత్రికులకు ఇది తెలిసి ఉండాలని నా కోరిక. వాళ్ళు పొద్దెక్కాక తీరిగ్గా బయల్దేరి, తాము చేరేసరికి గుడారాలు వేసి ఉండాలంటే, ఆ ఆలస్యమంతా మా కాళ్ళ మీదే పడుతుంది.

ఇంకో సంగతి. ఇరుకు దారిలో మేం లోయ అంచున నడుస్తుంటే కొత్తవాళ్ళు హడలిపోతారు. కొండను ఆనుకుని నడిస్తే మూట రాతికి తగిలి, ఆ తోపుకి మేం లోయలో పడతాం. అందుకే అంచు పట్టుకుంటాం. మా మెడగంటలు వినపడగానే మనుషులు కొండవైపుకు ఒదిగి నిలబడాలి. లోయవైపు నిలబడి ఫోటోలు తీసేవాళ్ళు కనిపిస్తే నా గుండె దడదడలాడుతుంది. నా మూట కొస తగిలినా చాలు, మనిషి ఆగడు.

ఇక మొండితనం. ఒక జూన్‌లో, వాగు మీద పేరుకున్న మంచు మీదుగా దాటాల్సి వచ్చింది. పైకి చూస్తే తెల్లగా, చదునుగా, గట్టిగా ఉంది. ముందరి కాలు పెట్టాను. గిట్ట కింద చప్పుడు తేడాగా వచ్చింది. నిండు మంచు మొద్దుగా మోగుతుంది, ఇది డొల్లగా మోగింది. ఆ డొల్లలోంచి నీళ్ళ హోరు నా చెవిని తాకింది. కాలు వెనక్కి తీసుకుని నిలబడిపోయాను. అప్పుడు నన్ను తోలుతున్నవాడు పనికి కొత్త. అదిలించాడు, పగ్గం లాగాడు, కర్రతో పిరుదు మీద రెండు వేశాడు. నేను కదల్లేదు. మా యజమాని పరుగున వచ్చి కర్ర లాక్కుని అవతల పారేశాడు. ఒక బండరాయి ఎత్తి మంచు మీదికి విసిరాడు. నడిమధ్యన మంచు విరిగి నీళ్ళలో కూలింది. ఆ కుర్రాడు నా మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత ఏ కంచర గాడిద మీదా అతను కర్ర ఎత్తగా నేను చూడలేదు.

ఈ మధ్య ఈ దారిలో తెలుగు తరచూ వినిపిస్తోంది. ఒక జూన్ మొదట్లో వచ్చిన జట్టులో హనుమకొండ నుంచి ఒక టీచరమ్మ, ఆమె మేనకోడలు ఉన్నారు. బళ్ళు తెరిచేలోగా తిరిగి వెళ్ళాలని వచ్చారు. పిల్ల కాళ్ళు నేల మీద నిలవడం లేదు. అత్త మాత్రం నెమ్మదిగా, ప్రతి మలుపులోనూ ఆగి, కొండల్ని కళ్ళారా చూస్తూ నడిచేది. వాళ్ళ మూటలో పుట్నాల పొడి, ఆవకాయ సీసా ఉన్నాయి. చికాలో రాత్రి జట్టంతా ఆ ఆవకాయతోనే అన్నం తిన్నది.

బాలూ కా ఘేరా దాదాపు 3,600 మీటర్లు. ఆ సాయంత్రం అత్త అన్నం ముట్టలేదు. తెల్లారేసరికి వాంతి చేసుకుంది. ఆమెకు ఎత్తు పడలేదు. కనుమ ఎత్తు 4,270 మీటర్లు, సముద్రమట్టం దగ్గర ఉండే గాలి ఒత్తిడిలో అక్కడ మిగిలేది 60 శాతం. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని పర్వత వైద్యులు చెబుతారు. సెలవుల లెక్కలో ఆ సూత్రం నిలవదు. 2,050 మీటర్ల మనాలి నుంచి మూడో రోజుకే మనిషిని కనుమ మీదికి ఎక్కించే దారి ఇది.

జట్టులో ఒకరు మాత్ర వేసుకుంటే సర్దుకుంటుందన్నారు. ఇంకొకరు ఇంత దూరం వచ్చి వెనక్కి పోతారా అన్నారు. పిల్ల కళ్ళనిండా నీళ్ళు.

"అత్తా, ఇంకొక్క రోజే గదా. మెల్లగ పోదాం."

"నువ్వు పో బిడ్డా. నేను ఇక్కడ్నుంచి అడుగు ముందుకెయ్య. తల పగిలిపోతున్నది. ఇట్లుండంగ పైకెక్కుడు మంచిది గాదు."

ఆ మాట విని నేను చెవులు రిక్కించాను. అందరూ అదిలిస్తుంటే కాలు వెనక్కి తీసుకోవడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. జట్టు నాయకుడు ఆమె వేలికి ఆక్సిజన్ కొలిచే పరికరం పెట్టి చూశాడు. దిగడమే మందని, మాత్ర దిగడానికి బదులు కాదని అందరి ముందూ గట్టిగా చెప్పాడు.

కనుమ మీద మంచు లోతుగా ఉండటంతో ఆ పూట మమ్మల్ని దాటించడం లేదు. సామాను మనుషుల వీపుల మీదికి మారింది. పిల్ల జట్టుతో పైకి కదిలింది, మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉంది. నా గంత మీద దుప్పటి పరిచి అత్తను కూర్చోబెట్టారు. బియ్యం మూటకు దిగేటప్పుడు ఏమీ తెలియదు. మనిషి భయపడితే ఆ వణుకు నా వెన్నులోకి వస్తుంది. అందుకే రాయి రాయినీ గిట్టతో తడిమి చూసుకుంటూ దిగాను. చికా చేరేసరికి ఆమె దిగి తన కాళ్ళ మీద నిలబడింది. కాస్త అన్నం అడిగి తిన్నది.

మర్నాడు జోబ్రాలో జీపు ఎక్కేముందు నా నోటికి బెల్లం ముక్క అందించి మా యజమానిని అడిగింది: "మళ్ళ వస్త. ఈసారి చికాల ఒక దినం, బాలూ కా ఘేరాల ఒక దినం ఎక్కువ ఉంట. ఎప్పుడొస్తే మంచిది?"

సెప్టెంబరులో రమ్మన్నాడు అతను. వానలు తగ్గుతాయి, మంచు ఉండదు, మోతీ కూడా కనుమ దాకా వస్తుందన్నాడు. దసరా సెలవులు ఎప్పుడు పడ్డాయో చూసి ఫోన్ చేస్తానని ఆమె అతని నంబరు రాసుకుంది.