గడువుకో గడువు

పాత పద్ధతిలో, అంటే ఐపీవీ4లో, ఇంటర్నెట్‌కి ఉన్న ఐపీ చిరునామాలు దాదాపు 430 కోట్లు. అవి అయిపోతున్నాయి, కొత్త పద్ధతి ఐపీవీ6కి మారాలి అని టెలికాం శాఖ 2010 జూలైలో రోడ్‌మ్యాప్ వేసింది. సర్కారీ ఆఫీసులన్నీ 2012 మార్చికల్లా మొదలెట్టాలన్నారు. మార్చి వచ్చింది, వెళ్లింది. 2013లో రెండో రోడ్‌మ్యాప్ వచ్చి గడువు 2017 డిసెంబరుకి జరిగింది. మారడమెలాగో ప్రణాళిక రాసుకోవడానికే విడిగా 2013 డిసెంబరు దాకా టైమిచ్చారు, పాపం కంగారు పడతారని. 2021లో మళ్లీ కొత్త తేదీ: 2022 జూన్ 30.

ఈ వరస చూసి కోనసీమలో ఎవరూ విస్తుపోరు. బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్న రోజుల్లో మంజూరైన కోటిపల్లి–నరసాపురం లైను మీద ఇప్పటికీ రైలు కూత వినలేదు మేం.

ఆ జూన్ 30 ముచ్చట మాత్రం మాకే సొంతం. నెల పైచిలుకు ముందు, మే 24న, జిల్లా పేరు మార్పు గొడవలో అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు, రోజుల తరబడి. ఇంట్లోంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే కుర్రాళ్లు ల్యాప్‌టాపులు భుజాన వేసుకుని సిగ్నల్ కోసం ఊళ్లు దాటారు. నాలుగు నుంచి ఆరుకి ఎక్కడానికి పన్నెండేళ్లు చాలని సర్కారు, నాలుగు నుంచి సున్నాకి ఒక్క పూటలో దిగింది. దానికి రోడ్‌మ్యాప్ లేదు, శిక్షణ తరగతుల్లేవు.

మరి మార్పు రాలేదా అంటే, వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో దిగేసరికి పాత చిరునామాలు దొరకడం గగనం; ఆసియా–పసిఫిక్ దేశాలకి పంచే నిల్వ 2011 ఏప్రిల్లోనే అడుగంటింది. గత్యంతరం లేక కొత్తవాటితోనే కట్టారు. రాజోలులో చెరువు గట్టు మీద రీల్స్ చూసే కుర్రాడు ఏ సర్క్యులరూ చదవకుండానే ఐపీవీ6లో ఉన్నాడు.

ఇళ్లలో బ్రాడ్‌బ్యాండ్ సంగతి వేరు. చాలాచోట్ల ఒక్క పాత చిరునామా వెనకే వీధి వీధంతా సర్దుకుంటోంది. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఇంటి కెమెరాని నేరుగా చూడబోతే దారి దొరకదు. విడిగా పబ్లిక్ ఐపీ కావాలంటే అదనంగా కట్టమంటారు. కరువు కూడా వ్యాపారమే. కంపెనీలు ఇచ్చిన పాత మోడెములు మార్చడానికి 2022 డిసెంబరు 31 గడువన్నారు. “మా మోడెం వీ6 పడుతుందా?” అని మీ కేబుల్ అబ్బాయిని అడిగి చూడండి.

“ఆయ్! ఫోర్‌కే కూడా పడుతుందండి.”