నెత్తి మీద కోపం

మా బావకి ఏదైనా ఎదురుదెబ్బ తగిలిందా లేదా తెలియాలంటే ఎవరినీ అడగక్కర్లేదు, తలకాయ చూస్తే చాలు. జనం అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారు. ఈయన ఎవరి మీద కోపమొచ్చినా తన నెత్తి మీదే చూపిస్తాడు. ఇలాంటి బావ మీ ఇంట్లోనూ ఉండే ఉంటాడు. బావ కాకపోతే బాబాయి.

రావలసిన ప్రమోషన్ జూనియర్‌కి పోయిన వారంలోనే తిరుమల వెళ్లి, కల్యాణకట్టలో గుండు చేయించుకొచ్చాడు. మొక్కన్నాడు. ఏం మొక్కని అక్క అడిగితే "అన్నీ నీకు చెప్పాలా?" అన్నాడు. సోమవారం ఆఫీసులోకి సర్వం త్యజించినవాడిలా నడిచి వెళ్తే, అందరూ అడిగింది ఒక్కటే: "లడ్డూలేవండీ?" తెలుగునాట గుండుని చూసి ఎవరూ వైరాగ్యం అనుకోరు, ప్రసాదం వస్తుందనుకుంటారు.

జుట్టు నెలకి ఓ సెంటీమీటరు, మహా అయితే ఇంకాస్త పెరుగుతుంది. అంటే దువ్వెన పని పడటానికి మూడు నాలుగు నెలలు. ఆ నెలల్లో బావంత మంచివాడు ఉండడు. ఆ జూనియర్‌తో కలిసి టీ కూడా తాగుతాడు. క్రాఫు కుదిరిందో, పాత లెక్కలన్నీ గుర్తొస్తాయి.

గడ్డాల చరిత్ర వేరు. 2017లో 'అర్జున్ రెడ్డి' వచ్చాక పెంచిన గడ్డానికి కారణం ప్రేమ కాదు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఎన్నికల్లో ఓడిపోవడం. 2021 చివర్లో వచ్చిన 'పుష్ప' గడ్డానికి కారణం, కూతురికి కుదిరిందనుకున్న సంబంధం తప్పిపోవడం. అప్పుడు గడ్డంతోపాటు భుజం కూడా ఎత్తాడు. మెడ పట్టేస్తే అక్కే తైలం రాసింది.

ఇక రంగు. డై ప్యాకెట్ మీద, 48 గంటల ముందు చర్మం మీద కాస్త రాసి చూసుకోమని ఉంటుంది. అన్ని గంటలు ఆగగల మనిషికి అసలు డై అవసరమే పడదని నా నమ్మకం. బావ అనుకున్న రాత్రే పూసేసుకుంటాడు. తెల్లారేసరికి యౌవనం దిండు గలేబుకి కూడా వచ్చేస్తుంది.

ఇంతా చేస్తే, ఎవరూ చూడటం లేదన్నదే ఆయన బాధ. కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్ బృందం చేసిన ప్రయోగం ఒకటుంది, 2000లో అచ్చయింది. బారీ మానిలో అనే గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు, కుర్రాళ్లు తొడుక్కోవడానికే సిగ్గుపడేది, ఒక్కొక్కరికీ తొడిగి తోటివాళ్లున్న గదిలోకి పంపారు. సుమారు సగం మంది గమనించి ఉంటారని వాళ్లనుకున్నారు. గమనించింది దాదాపు నాలుగో వంతే. ఓదార్పుగా ఉంటుందని బావకి ఇదంతా చెప్పాను. "ఆ నాలుగో వంతులో మీ అక్క లేదురా" అన్నాడు.

అది మాత్రం అన్యాయం. గుండు చూసిన రోజు అక్క ప్రమోషన్ ఊసెత్తలేదు. గుత్తివంకాయ వండింది.

ఓసారి ఇద్దరం ప్రయాణమైతే, గన్నవరం విమానాశ్రయంలో గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆధార్ ఫొటోనీ, బావ మొహాన్నీ మార్చి మార్చి చూస్తూ నిలబడిపోయాడు. వెనక క్యూ గొణుగుతోంది, నాకు చెమటలు పడుతున్నాయి. బావ మొహం మాత్రం వెలిగిపోతోంది. లోపలికొచ్చాక, "ఇన్నేళ్లకి నన్ను శ్రద్ధగా చూసిన మనిషి వీడేరా" అన్నాడు.

వచ్చే ఏడాది రిటైర్మెంటు. ఇప్పుడు హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ అంటున్నాడు. నాటిన వెంట్రుకలు మొదటి వారాల్లో చాలావరకు రాలిపోతాయట. మళ్లీ మొలిచి పూర్తిగా ఎదగడానికి ఏడాది దాకా పడుతుంది. సన్మాన సభ నాటికి సరిగ్గా అందివస్తుందని లెక్కలు వేసుకుంటున్నాడు. ఆ సభకి మీరొస్తే నాదొక మనవి: ముందు జుట్టు బాగుందనండి, తర్వాత దండ వేయండి. ప్రమోషన్ సంగతి మాత్రం ఎత్తకండి.