డెల్టా ఎక్కడిది?

యంత్రాలు సిద్ధాంతాలను రుజువు చేస్తున్నాయట, ఇక లెక్కలకు మనిషి బుర్ర అక్కర్లేదట! ఈ వార్తకు నోరు తెరిచేవాళ్లకు మన జిల్లాల ఘనత తెలియదు. శాతవాహన విశ్వవిద్యాలయం కింద ఉన్న కరీంనగర్‌లోనైనా, కాకతీయ కింద ఉన్న ఆదిలాబాద్‌లోనైనా డిగ్రీ రియల్ అనాలిసిస్ రుజువులు బుర్ర జోలికి పోకుండానే తయారవుతాయి. మన యంత్రానికి కరెంటు కూడా దండుగే. ఒక గైడు, ఒక రాత్రి చాలు. ఎక్స్ 3ను సమీపిస్తే దాని వర్గం 9ని సమీపిస్తుందని నిరూపించమంటే, ఎక్స్ 3కి ఎంత దగ్గరుండాలో చెప్పే డెల్టా అంటే 1, వర్గం 9కి ఎంత దగ్గరుండాలో చెప్పే ఎప్సిలాన్‌లో ఏడో వంతు, ఈ రెంటిలో చిన్నది అని మొదటి వరుసలోనే రాసేస్తాం. ఆ 7 ఎక్కడిది? బాసర సరస్వతమ్మ చెవిలో చెప్పిందా? వర్గంలోంచి 9 తీసేస్తే ఎక్స్ మైనస్ 3, ఎక్స్ ప్లస్ 3 అని రెండు ముక్కలవుతుంది. ఎక్స్‌ను 3కి 1 కన్నా దూరం పోనివ్వకపోతే రెండో ముక్క 7 దాటదు, అప్పుడు మొదటి ముక్క ఎప్సిలాన్‌లో ఏడో వంతు లోపుంటే రెంటి లబ్ధం ఎప్సిలాన్ లోపే. చిత్తుకాగితం మీద రెండు వరుసల పని.

తమాషా ఏమిటంటే, ఆ రెండు వరుసలను అసలు యంత్రం ఎగ్గొట్టదు. 1972లో బ్లెడ్సో, బోయర్, హెన్నెమన్ లిమిట్ సిద్ధాంతాలను కంప్యూటర్‌తో రుజువు చేయించినప్పుడు దానికి నేర్పిన కిటుకు ఇదే: చిన్నదని తెలిసిన ముక్కను విడదీయి, పక్కనున్న గుణకానికి హద్దు వెతుకు. రుజువులను సరిచూసే ఇప్పటి ప్రోగ్రాం లీన్ అయితే మరీ మొండిది, ‘ఇది స్పష్టమే’ అని రాస్తే ఒప్పుకోదు. గణితవేత్తలు గవర్స్, గణేశలింగం తమ ప్రోగ్రాం రాసిన రుజువులను విద్యార్థుల రుజువుల పక్కన పెట్టి ఏది యంత్రానిదో చెప్పమంటే చాలామంది పొరబడ్డారు. మన జవాబుపత్రాలు పెట్టి ఉంటే ఇంకా తికమకపడేవారు, యంత్రమని వాటినే చూపించేవారు.

మూడు గంటల పరీక్షలో ఆలోచనకు తీరికెక్కడ, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివే పిల్లలు ముందు పాసవ్వాలి కదా అంటారు. న్యాయమే. కానీ పేజీ పొడవు బట్టీ మోయడం కన్నా రెండు వరుసల కారణం తేలిక, పైగా ఆ బట్టీలో ఒక అక్షరం జారితే మొత్తం కూలుతుంది. ఈ బట్టీ రుజువు నిర్మల్ బొమ్మ మామిడిపండు లాంటిది, చూపుకు అచ్చం పండే, కొరికితే పొణికి కర్ర. ఆ బొమ్మ చేసినవాడు తినమని అమ్మడు, మనం మాత్రం మార్కులకు అమ్ముతున్నాం.

పేపరు పెట్టేవారికి ఒక్క మనవి. ఈసారి 3 తీసి 4 పెట్టండి. రావలసింది ఎప్సిలాన్‌లో తొమ్మిదో వంతు. ఎన్ని పత్రాల్లో ఏడో వంతే వస్తుందో లెక్కపెట్టి చెప్పండి.