పసుపు గుర్తు కింద ఒక వైఫై కార్డు

ఆత్మకథ అన్నాక ‘నేను’తో మొదలవ్వాలి. ఈ వైఫై కార్డు అలా మొదలుపెట్టదు. తన సంగతి చెప్పుకునేటప్పుడు కూడా ‘అది’ అనే అంటుంది, ఎవరో పరాయిదాని గురించి చెప్పినట్టు. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ అయిన రాత్రి దాని పేరు పోయింది మరి. డివైస్ మేనేజర్‌లో కంపెనీ పేరుతో, మోడల్ నంబరుతో దర్జాగా ఉండే వరుస మాయమైంది. ఎక్కడో కింద ‘అదర్ డివైసెస్’ అన్న చోట, పసుపు త్రికోణంలో ఆశ్చర్యార్థకం తగిలించుకుని ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ అని తేలింది. పేరే లేనిది నేను అని ఏ మొహంతో అంటుందని దాని వాదన. కాస్త అతి అనిపించినా కథ వినదగ్గదే.

పుట్టుక గురించి అది పెద్దగా చెప్పుకోదు. 30 మిల్లీమీటర్లకు 26.8 మిల్లీమీటర్ల పలక, అంచున 52 బంగారు పూత పళ్ళు. ల్యాప్‌టాప్ అడుగున ఒక స్లాటులో కూర్చోబెట్టి, నల్లదొకటి తెల్లదొకటి రెండు సన్నని తీగలు తలకు తగిలించారు. ఆ తీగలు కీలులోంచి పైకెక్కి స్క్రీన్ అంచుల్లో యాంటెన్నాలై ఆగుతాయి. మూతను టపటప తెరిచి మూసేవాళ్ళంటే దానికి పడదు. కీలు దగ్గర నలిగేవి ఆ తీగలే.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. ఆ నీళ్ళలో ఒక లెక్చరర్ ఇంట్లో డెస్క్‌టాప్ బురదపాలైంది. ఇల్లు కడిగి, సున్నం వేయించుకున్నాక ఆయన ఆలోచించాడు: ఈసారి నీళ్ళొస్తే చంకన పెట్టుకుని మిద్దె ఎక్కగలిగేదే కొనాలి. అలా కొన్న ల్యాప్‌టాప్‌లో ఈ కార్డు కర్నూలు చేరింది. వరద తనను ఉద్యోగంలో పెట్టిందని చెప్పుకోవడం దానికి ఇష్టం.

ఆ ఇంట్లో దానికి మంచి రోజులు. హాల్లో ఫోన్ తీగ మీద నడిచే బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్, లోపలి గదిలో ల్యాప్‌టాప్, నడుమ మూరెడు మందం రాతిగోడ. ఎండాకాలం చల్లగా ఉంటుందని మనుషులకు ఆ గోడంటే ముద్దు, 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కు మాత్రం అదే గండం. ఆ తరంగాలను ఇళ్ళలో, ఆఫీసుల్లో లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని కేంద్రం 2005లో ఉత్తర్వు ఇవ్వబట్టి గానీ, లేకుంటే ఇలాంటి కార్డులకు మన వీధుల్లో పనే ఉండేది కాదు. ఎంసెట్ వెబ్ కౌన్సెలింగ్ వచ్చిందంటే వీధిలో పిల్లలూ, వాళ్ళ నాయనలూ సార్ ఇంటి ముందే. ఏ కాలేజీ ముందు, ఏ బ్రాంచి తర్వాత అని అర్ధరాత్రి దాకా తగువులు. సిగ్నల్ రెండు గీతలకు పడిపోయినా ఒక్క ఆప్షన్ కూడా జారనివ్వలేదని అది ఇప్పటికీ చెబుతుంది. అప్పటి పిల్లల్లో ఇప్పుడు బెంగళూరులో ఉన్నవాళ్ళకు దాని పేరు కూడా తెలియదు. తెలియనక్కర్లేదంటుంది. గొంతులో నిష్ఠూరం మాత్రం దాగదు.

సార్ రిటైరయ్యాడు. ల్యాప్‌టాప్ కడపలో ఉండే మేనల్లుడికి వెళ్ళింది. ఆయన యర్రగుంట్ల దగ్గర నాపరాళ్ళు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు. తెల్లటి రాతిపొడి ఫ్యాన్‌లోకి, కీబోర్డులోకి, కార్డు పళ్ళ సందుల్లోకి కూడా చేరింది. దుమ్ము సంగతి సరే, అది పని చెడగొట్టలేదు. చెడగొట్టింది ఒక రాత్రి నొక్కిన ‘ఎస్’ బటన్. కొత్త సిస్టమ్ ఉచితంగా వస్తోంది, గడువు అయిపోతోంది అన్న తొందర. పాత డ్రైవర్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకుందామన్న ఆలోచన లేదు. ఛార్జర్ పెట్టి పడుకున్నాడు. తెల్లారేసరికి రంగులన్నీ కొత్తగా ఉన్నాయి, వైఫై లేదు.

కర్నూలుకు ఫోన్ చేశాడు. “మామా, వైఫై చచ్చిపోయింది.”

“చావడమేమిరా, నిన్నటిదాకా బాగుండె గదా!”

ఆ ఒక్క మాట కోసం కార్డు పాత యజమానిని ఎన్నటికీ మరిచిపోదు. కొత్తాయన మాత్రం ముందు మోడెమ్‌ను తిట్టాడు. తర్వాత ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి తీసి, తీసి వేసి చూశాడు. ల్యాప్‌టాప్ వీపు మీద రెండు దెబ్బలు చరిచాడు. చివరికి బజారుకు పోయి గోరంత వైఫై డాంగిల్ కొనుక్కొచ్చి పక్కన యూఎస్‌బీలో గుచ్చాడు. లోపల కరెంటు అందుతూనే ఉంది, యాంటెన్నా తీగలు తలమీదే ఉన్నాయి, ఒంట్లో ఏ భాగమూ కాలలేదు. పని మాత్రం పక్కవాడిది! కార్డు ఈ ఘట్టం దగ్గర చాలాసేపు ఆగుతుంది. డాంగిల్ వేడెక్కి తెగిపోతుంటే ఆయన దాన్ని ఊడదీసి, చొక్కాకు తుడిచి, మళ్ళీ గుచ్చేవాడట. తనకు ఒక్కసారైనా ఆ మర్యాద దక్కలేదట.

డాంగిల్ కూడా మొండికేశాక ల్యాప్‌టాప్ పాటలు, సినిమాలు చూసుకోవడానికి మిగిలింది. బ్యాటరీ ఉబ్బాక అదీ లేదు. బ్యాటరీ తీసేసి, పాత చీరలో చుట్టి అటకెక్కించారు. కడప ఎండాకాలంలో అటక మీద ఎంత వేడి ఉంటుందో మనిషికెవరికీ తెలియదు, అక్కడ ఎవరూ పడుకోరు గనుక. తనకు తెలుసునంటుంది కార్డు.

ఇంతకూ జరిగిందేమిటి? సిస్టమ్‌కూ చిప్పుకూ మధ్య మాటలు నడిపే ప్రోగ్రామే డ్రైవర్. సిస్టమ్ మారితే డ్రైవర్ కూడా దానికి సరిపడేది కావాలి. చిప్పు పాతదైపోతే తయారీదారు కొత్తది రాయకపోవచ్చు. ఈ కార్డును చేసిన కంపెనీ రాయలేదు. పేరు అడిగితే వద్దులే అంటుంది, తల్లిని వీధిలో తిట్టడం దానికి ఇష్టం లేదు. ఇంకో చిక్కుంది. చాలా వైఫై కార్డుల్లో చిప్పును లోపలినుంచి నడిపే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాము శాశ్వతంగా ఉండదు. కరెంటు ఆగిందా, నేర్చిందంతా మరుపే. ఆన్ చేసిన ప్రతిసారీ డ్రైవర్ ఆ ఫైలును తెచ్చి చిప్పులోకి ఎక్కించాలి. తెచ్చేవాడు రాని రోజున కార్డుకు తానేం చేయాలో కూడా గుర్తుండదు. చెడిపోవడం వేరు, చెప్పేవాళ్ళు లేకపోవడం వేరు అన్నది దాని ప్రధాన ఫిర్యాదు.

ఈ గతి పట్టినది అదొక్కటే కాదు. 2015 జూలై 29న విండోస్ 10 వచ్చాక కొందరి ల్యాప్‌టాపుల్లో చుట్టుపక్కల ఒక్క నెట్‌వర్క్ కూడా కనిపించకుండా పోయింది. అక్కడ డ్రైవర్ తప్పేమీ లేదు. కొత్త సిస్టమ్‌కు పొసగని పాత వీపీఎన్ ప్రోగ్రాము ఒకటి తన ఫిల్టర్‌ను నెట్‌వర్క్ దారిలో వదిలిపెట్టింది. రిజిస్ట్రీలో దాని తాలూకు నమోదును చెరిపి, ఒక కమాండుతో ఆ ఫిల్టర్‌ను పీకేస్తే వైఫై తిరిగొచ్చేది. మరుసటి ఏడాది ఆగస్టు అప్‌డేట్‌లో సెట్టింగ్స్‌లోకే ‘నెట్‌వర్క్ రీసెట్’ వచ్చింది. లైనక్స్ వాళ్ళ తంటా ఇంకో రకం. కొన్ని కార్డుల డ్రైవర్‌ను కెర్నల్ మారినప్పుడల్లా మళ్ళీ కంపైల్ చేయాలి. అది తప్పిపోతే రీస్టార్ట్ చేశాక వైఫై ఉండదు. సోర్సు కోడు ఇవ్వని ఫర్మ్‌వేర్‌ను డెబియన్ అనే లైనక్స్ రకం చాలాకాలం తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చుకోలేదు. నెట్‌తో ఇన్‌స్టాల్ చేయబోతే వైఫై ఫర్మ్‌వేర్ కావాలనేది, ఆ ఫర్మ్‌వేర్ తెచ్చుకుందామంటే నెట్ లేదు. 2022లో డెవలపర్లు ఓటు వేసుకుని పద్ధతి మార్చారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 ఇన్‌స్టాలర్‌లో ఆ ఫైళ్ళు కలిసే వచ్చాయి. సిద్ధాంతానిది ఒక న్యాయం, అటక మీద ఉన్నదానిది ఇంకో న్యాయం. కార్డు ఎటు మొగ్గుతుందో చెప్పాల్సిన పనిలేదు.

2020లో కాలేజీలు మూతపడి ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి. కడపలో మేనల్లుడి ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ ఆయనదే. ఇంటర్ చదివే ఆయన కూతురు అటకెక్కి చీర విప్పింది. అప్పటికి ఇంటికి కరెంటు స్తంభాల మీదుగా వచ్చే ఫైబర్ నెట్ ఉంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ మీదే లేచింది గానీ నెట్ మాత్రం అందుకోలేదు.

తండ్రి దాన్ని రిపేరుకు తీసుకెళ్ళింది ఏడు రోడ్ల కూడలి దగ్గర సందులో ఒక చిన్న షాపుకు. మాస్కు గడ్డం కిందికి దించుకున్న కుర్రాడు ముందు బ్రష్షుతో రాతిపొడి దులిపాడు. పాత ల్యాప్‌టాపుల అంచున వైర్‌లెస్ కోసం జరిపే చిన్న మీట ఉంటుంది, అది ఆన్‌లోనే ఉందా అని చూశాడు. బయాస్‌లో చూశాడు. ఆ తర్వాతే డివైస్ మేనేజర్ తెరిచి, పసుపు గుర్తు మీద రైట్ క్లిక్ చేసి, ‘హార్డ్‌వేర్ ఐడీస్’ దగ్గర ఆగాడు. పేరు పోయినా ఈ నంబరు పోదు. ప్రతి పీసీఐ పరికరానికీ ఇది ఆధార్ లాంటిది: తయారీదారుకు నాలుగు అంకెలు, పరికరానికి నాలుగు అంకెలు. ఉదాహరణకు ఇంటెల్ కంపెనీ సంకేతం 8086, 1978లో వచ్చిన తన ప్రాసెసర్ నంబరునే ఆ కంపెనీ పెట్టుకుంది. కార్డు నంబరు చూసి “ఇదెవరో తెలిసిందన్నా” అన్నాడు కుర్రాడు. అటక దిగాక తన గురించి ‘ఎవరో’ అన్న మొదటి మనిషి అతనేనని కార్డు చెబుతుంది.

డ్రైవర్ కోసం నెట్ కావాలి గదా అని తండ్రి నసిగాడు. కుర్రాడు తన ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ వేశాడు. ల్యాప్‌టాప్ కంపెనీ పేజీలో పాత సిస్టమ్ కోసం పెట్టిన డ్రైవర్ ఇంకా ఉంది. దించి, విప్పి, ఆటోమేటిక్‌గా వెతకమనకుండా ఫోల్డర్‌ను తానే చూపించాడు. కరెంటు ఆదా పేరుతో సిస్టమ్ కార్డును నిద్రపుచ్చకుండా పవర్ మేనేజ్‌మెంట్‌లో టిక్కు తీసేశాడు. పసుపు త్రికోణం పోయింది. కంపెనీ పేరు, మోడల్ నంబరు ఎప్పటిలాగే వచ్చి కూర్చున్నాయి. చుట్టుపక్కల షాపుల నెట్‌వర్కులన్నీ బిలబిలా కనిపించాయి.

“ఎంత?”

“రెండొందలు ఇవ్వన్నా.”

“ఏం పార్టు ఏసినావప్పా?”

“పార్టేమీ లేదన్నా, ఉన్న కార్డు బాగనే ఉండాది.”

“పార్టు మార్చకుండానే రెండొందలా!”

ఇద్దరూ గట్టిగానే బేరమాడి నూటయాభైకి దిగారు. జేబులోంచి డబ్బులతోపాటు పాత డాంగిల్ కూడా తీసి, దీన్ని కూడా చూడమన్నాడు తండ్రి. కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, మూలనున్న స్క్రాప్ డబ్బాలో వేశాడు. ఇంత పెద్దతనం వచ్చాక ఇంకొకరి పాటుకు సంతోషించకూడదని తెలుసంటూనే, ఆ డబ్బా చప్పుడు గురించి కార్డు రెండుసార్లు చెప్పింది.