కెమెరా ఉంది కదా, ఇంకేం కావాల!

అబ్బోడా, బహుదా ఏట్లో నువ్వు తీసిన పొద్దుగూకే ఫోటోకు మూడు వందల లైకులు వచ్చినాయంటే ఇంక ఉద్యోగం వెతకడం దండగ. రేపే ఐరాల మెయిన్ రోడ్డులో రూము బాడుగకు మాట్లాడు. బోర్డు మీద 'క్రియేషన్స్' అని ఉండాల. ఉండేది నువ్వొక్కడివే అయినా 'మా టీం' అని చెప్పుకోవాల.

పెట్టుబడికి ముద్రా రుణం ఉంది. అందులో శిశు కింద 50 వేల దాకానే ఇస్తారు, అది మన స్థాయికి చాలదు. కిశోర్ కింద 5 లక్షల దాకా ఉంది, మొత్తం అడుగు. వచ్చిందంతా కెమెరా బాడీకే పొయ్యి. మంచి లెన్సు, లైట్లు, రెండో బ్యాటరీ లాభాల్లో కొనొచ్చు. రెండో కెమెరా అయితే శుద్ధ దుబారా, ఉన్నది మొరాయిస్తే అయ్యవారు ముహూర్తాన్ని ఓ పావుగంట ఆపకపోతాడా? ఆషాఢం, మూఢం పెళ్ళిళ్ళకే గాని బ్యాంకు కంతుకు లేవని ఎవరైనా గుర్తు చేస్తే ఆ మనిషితో మాటలు తగ్గించు.

పాస్‌పోర్టు సైజు ఫోటోలకు వచ్చేవాళ్ళను గడప ఎక్కనీయొద్దు. బడిపిల్లల ఐడీ కార్డులు, చెవులు కుట్టే ఫంక్షన్లు కూడా వద్దు. అవి ఏడాది పొడుగునా వస్తుంటాయి. ఏడాది పొడుగునా వచ్చే డబ్బులో కళ ఉండదు.

రేటు చెప్పేముందు ఆల్బం ప్రింటుకు ఎంతవుతుంది, ఎడిటింగుకు ఎన్ని రాత్రులు పడతాయి అని లెక్క తీస్తే తలనొప్పి. చిత్తూరులో ఎంత అడుగుతున్నారో కనుక్కో, అందులో సగం చెప్పు. మనోళ్ళైతే "మీ ఇష్టం మామా" అను. ఐరాలలో మనోళ్ళు కానిదెవరు?

మన పక్క ముందురోజు రాత్రి రిసెప్షన్, తెల్లారుజామున ముహూర్తం. రెండింటికీ ఒకే రేటు, ఒకే మనిషి. అసిస్టెంటును పెట్టుకుంటే కూలి ఇవ్వాల్సొస్తుంది. సరిగ్గా తాళి కట్టేటప్పుడు పెళ్ళికొడుకు చిన్నాయన ఫోన్ ఎత్తుకొని అడ్డమొస్తాడు. పెద్దమనిషిని జరగమనడం మర్యాద కాదు. ఆల్బంలో ఆయన వీపు పడుతుంది, చుట్టరికం నిలబడుతుంది.

అగ్రిమెంటు రాసుకుందామా అంటే మనిషిని నమ్మలేదనుకుంటారు. పైగా కాణిపాకం మన మండలంలోనే ఉంది. ప్రమాణం చేయడానికి ఎక్కడెక్కడి నుంచో జనం బండ్లు కట్టుకొని వస్తారు, మనకు ఆటో చాలు. వరసిద్ధుడి ముందు ఇద్దరూ చేతులు జోడిస్తే అయిపాయె. ఆల్బంలో ఎన్ని షీట్లు, ఎన్నాళ్ళకు ఇవ్వాల అనే చిల్లర విషయాలు స్వామికి చెప్పి విసిగించొద్దు. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకుంటే, తీయించుకున్నవాళ్ళే మొదటి హక్కుదారులని 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. చెప్పనీ. పెళ్ళికూతురి బొమ్మతో స్టూడియో ముందర పది అడుగుల ఫ్లెక్సీ కట్టు. వాళ్ళ నాయన చూసి నలుగుర్ని వెంటబెట్టుకొని వస్తాడు. జనం గుమిగూడినారంటే పబ్లిసిటీయే కదా.

మెమరీ కార్డును ఇంటికి రాగానే రెండు చోట్ల కాపీ చేసుకోమని చెప్పేవాళ్ళు హార్డ్ డిస్కులు అమ్ముకునేవాళ్ళే అయ్యుంటారు. కార్డు నిండితే పాత పెళ్ళి చెరిపి కొత్త పెళ్ళి తియ్యి. ఎంతైనా ఇద్దరు పెళ్ళికొడుకులూ పట్టుపంచెల్లోనే ఉంటారు.

ఇంక బాకీ. అడ్వాన్సు అడగడం నామోషీ కాబట్టి మొత్తం బాకీనే. "మామిడికాయల దుడ్లు పడినాక ఇస్తాం" అంటారు, సరే అను. 2025లో తోతాపురి కిలోకు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4, కలిపి 12 రూపాయలు రైతుకు ఇవ్వాలని తేల్చినారు. గుజ్జు ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్లు ఎట్లా బారులు తీరినాయో నువ్వూ చూసినావు. ఆ దుడ్లు చేతికొచ్చేలోపల ఆ జంటకు బిడ్డ పుడితే ఇంకా మంచిది, పేరు పెట్టే ఫంక్షన్‌తో కలిపి ఒకే బిల్లు వేయొచ్చు.